ఆవిరిని పొదుపు చేసిన మేధావి – నోర్బెర్ రిలియూ

నిడదవోలు ప్రాంతపు విద్యార్థులకు చెరకు కొత్త కాదు. చాగల్లులో జైపూర్ షుగర్ కంపెనీ వారు, తణుకులో 1947లో ఆంధ్రా షుగర్స్ వారు నెలకొల్పిన కర్మాగారాల పేర్లు విననివారు మనలో లేరు. కాని చక్కెర మిల్లులో చెరకు రసాన్ని చిక్కబరచడానికి వరుసగా నిలిపే ఆ ఎత్తయిన లోహపాత్రల వెనుక ఎవరి మేధస్సు ఉన్నదో ఎరిగినవారు అరుదు. ఆయనే నోర్బెర్ రిలియూ.

1806 మార్చి 17వ తేదీన అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో ఆయన జన్మించారు. తండ్రి శ్వేతజాతీయుడు, ధనికుడు. తల్లి కాన్‌స్టాన్స్ వివాన్ మిశ్రమవర్ణానికి చెందిన స్వతంత్ర స్త్రీ. అందువల్ల ఆయన బానిసగా పుట్టలేదు. అయినా ఆనాటి లూసియానా చట్టం ఆయనను తెల్లవారితో సమానంగా చూడలేదు. తండ్రి ఆయనను చదువుకై పారిస్ పంపారు. అక్కడి ఎకోల్ సాంత్రాల్‌లో సుమారు ఇరవైనాలుగేళ్ల ప్రాయంలోనే ఆయన యంత్రశాస్త్ర బోధకులై, ఆవిరి శక్తిపై వ్యాసాలు ప్రకటించారు.

ఆ కాలంలో లూసియానా తోటలలో చక్కెర వంట మన బెల్లం వంట వంటిదే. వరుసగా పెద్ద పెనాలు, కింద మంట. మరిగే రసాన్ని బానిసలు పొడవాటి తెడ్లతో ఒక పెనం నుండి మరొక పెనంలోకి తోడి పోసేవారు. ఒళ్లు కాలడం నిత్యకృత్యం. కట్టెలు అపారంగా ఖర్చయ్యేవి. రసం మాడి చక్కెర నల్లబడేది.

ఒత్తిడి తగ్గిన చోట నీరు తక్కువ వేడికే మరుగుతుందని మన భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలుసు. ఈ సూత్రంతో హోవర్డ్ అనే ఆంగ్లేయుడు అంతకు ముందే మూసిన పాత్రలో చక్కెర పాకం పట్టాడు. అయితే ఆ పాత్ర నుండి వెలువడే ఆవిరి వృథా అయ్యేది. రిలియూ దృష్టి ఆ వృథా మీద నిలిచింది. మొదటి పాత్రలో పుట్టిన ఆవిరిని రెండవ పాత్రలోని గొట్టాలలోకి పంపి, అక్కడ ఒత్తిడి మరింత తగ్గిస్తే, ఆ ఆవిరే అక్కడి రసాన్ని మరిగిస్తుంది. మూడవ పాత్రలోనూ అంతే. అందుచేత బాయిలరు ఇచ్చిన ఒక కిలో ఆవిరితో మూడు పాత్రలలో దాదాపు మూడు కిలోల నీరు ఆవిరవుతుంది.

చెప్పడానికి సులభమే. కాని గాలి తీసివేసిన పాత్ర మీద బయటి వాతావరణం చదరపు మీటరుకు సుమారు పది టన్నుల బరువుతో ఒత్తుతుంది. రేకు పలుచనైతే పాత్ర లోపలికి నలిగిపోతుంది. ఒక్క అతుకు కారినా గాలి చొరబడి మరుగుడు ఆగిపోతుంది. ఆయన తొలి ప్రయత్నాలు ఫలించకపోవడంలో ఆశ్చర్యం లేదు. చివరకు 1843లో మొదటి పేటెంటు, 1846లో రెండవది లభించాయి. ఫిలడెల్ఫియాలోని మెరిక్ అండ్ టౌన్ సంస్థ ఆ పాత్రలను తయారుచేసింది. థియొడోర్ ప్యాక్‌వుడ్ తోటలో అవి జయప్రదంగా పనిచేశాక తోటల యజమానులు ఆయన కోసం ఎగబడ్డారు.

ఎగబడినవారే ఆయనను ఇంటి అతిథిగా స్వీకరించలేదు. పని మాట్లాడటానికి రావచ్చు. సాటి మనిషిగా పంక్తిలో కూర్చోరాదు! ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఈ యంత్రం తెడ్ల పని నుండి బానిసలను తప్పించిందే గాని బానిసత్వం నుండి కాదు. లాభమంతా యజమానులకే చేరింది. న్యూ ఆర్లియన్స్‌లో జ్వరాలు ప్రబలినపుడు మురుగునీటి పారుదలకు రిలియూ రూపొందించిన పథకాన్ని నగర పాలకులు తోసిపుచ్చారు. 1850ల తరువాతి సంవత్సరాలలో నల్లవారిపై ఆంక్షలు బిగుసుకోగా ఆయన తిరిగి ఫ్రాన్సు చేరుకున్నారు.

అక్కడా వెంటనే ఆదరణ దొరకలేదు. ఐరోపాలో ఆయన యంత్రాన్ని అరకొరగా నకలు చేసినవారి వైఫల్యం ఆయన పేరుకే అంటుకుంది. ఆయన యంత్రాలను పక్కనపెట్టి, సుమారు పదేళ్లు ప్రాచీన ఈజిప్టు చిత్రలిపి అధ్యయనంలో గడిపారు. ఇది మమ్మల్ని అన్నిటికంటె ఆకర్షించిన ఘట్టం. మళ్లీ 1881లో, డెబ్బయ్యయిదేళ్ల వయసులో, బీట్ దుంపల చక్కెరకు తన పద్ధతిని సరిచేసి కొత్త పేటెంటు పొందారు.

1894 అక్టోబరు 8న పారిస్‌లో ఆయన కన్నుమూశారు. అక్కడి పేర్ లాషేజ్ శ్మశానవాటికలో ఖననం చేశారు. ఆయనను ఇంటి భోజనానికి పిలవని లూసియానాలో, 1934లో, రాష్ట్ర మ్యూజియంలో చక్కెర పరిశ్రమ వారు ఆయన పేర ఒక కంచు ఫలకం అమర్చారు.