ఆనంద గజపతి ప్రభువు పెట్టిన పెట్టుబడి

ఇంకా లాభం కళ్ళజూడని సంస్థలో, తాకట్టు కోరక, భాగస్వామిగా ధనం పెట్టి ఏళ్ళ తరబడి నిరీక్షించే వృత్తికి వెంచర్ కాపిటల్ అని పేరు. అందుకు ఏమి చదవాలని అడిగే విద్యార్థులు నేడు మన ప్రాంతంలోనూ కలరు. గణితం, వాణిజ్యశాస్త్రం, కంపెనీల చట్టం అని ఉపాధ్యాయులు చెప్పగలరు. అంతవరకు చిక్కు లేదు. ఆస్తి చూచి అప్పివ్వడం ప్రతి షావుకారుకూ తెలిసినదే. ఆస్తి లేనివానిలోని సత్తువను ముందుగా పసిగట్టడం వేరొక విద్య. ఆ విద్యలో ఆరితేరిన ప్రభువు ఒకరు విజయనగరంలో ఉండేవారు.

పూసపాటి ఆనంద గజపతిరాజుగారు 1850లో జన్మించారు. తండ్రి విజయరామ గజపతిరాజుగారి అనంతరం 1879లో సంస్థానాధిపతులైనారు. 1857లో పాఠశాలగా మొదలైన మహారాజావారి విద్యాసంస్థ కళాశాల అయినదీ 1879లోనే. ప్రభువు సంస్కృతాంగ్లాలు రెండూ ఎరిగినవారు. సంగీత నాటకాలలో రసజ్ఞులు. మాక్స్‌ముల్లర్ పండితుడు సాయణభాష్యంతో పరిష్కరించిన ఋగ్వేదం రెండవ కూర్పు 1890, 1892 సంవత్సరాల నడుమ నాలుగు సంపుటాలుగా వెలువడింది ఆయన ద్రవ్యసహాయంతోనే. అది ఘనకార్యమే. అయినా మాక్స్‌ముల్లర్ అప్పటికే జగత్ప్రసిద్ధుడు. అక్కడ ధనం పెట్టడానికి ఉదారత చాలు, సాహసం అక్కరలేదు.

సాహసం గురజాడ అప్పారావుగారి విషయంలో కనిపిస్తుంది. 1862లో పుట్టిన అప్పారావుగారు ఆ కళాశాలలోనే చదివి, పట్టభద్రులై, అక్కడే ఉపన్యాసకులైనారు. సంపన్నులు కారు, శరీరం దుర్బలం. ప్రభువు ఆయనను చేరదీసి, సంస్థానంలో శాసన పరిశోధకునిగా నియమించారు. ఆ చేరువలో పుట్టినదే కన్యాశుల్కం.

విద్యార్థులు ముఖ్యంగా గమనించవలసినది ఇక్కడ ఒకటి ఉంది. కన్యాశుల్కం దురాచారమని ప్రభువు ఊరకే అనుకొని ఊరుకోలేదు. విశాఖపట్టణం జిల్లాలో సామాన్య బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన శుల్క వివాహాల పట్టిక తయారు చేయించారు. మూడేళ్ళలో తేలినవి 1,034. వధువులలో ఐదేళ్ళవారు 99 మంది, నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు 6, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల 350 మొదలు 400 రూపాయలు! ఇంత లెక్క చేతబట్టుకొని మదరాసు శాసన నిర్మాణ సభలో బిల్లు కోసం యత్నించారు. అది చట్టం కాలేదు. చట్టం చేయలేకపోయిన పనిని నాటకం చేయగలదేమోనన్న ఆశ అప్పుడు మిగిలింది. 1892లో జగన్నాథ విలాసినీ సమాజంవారు విజయనగరంలో కన్యాశుల్కాన్ని ప్రదర్శించారు.

నాటకం వాడుకభాషలో ఉంది. వాడుకభాష గ్రంథరచనకు తగదని పండితులు నమ్మిన కాలమది. ఎత్తిచూపినదా, పండితులు పుట్టిన ఇళ్ళలోని ఆచారాన్ని! సంస్కృత పండితులతో నిండిన సంస్థానానికి ప్రభువై ఇటువంటి రచనకు అండగా నిలవడం చిన్న సంగతి కాదు.

అయితే పోలికను అతిగా సాగదీయరాదు. వెంచర్ కాపిటల్ వృత్తిలోనివారు పరుల ధనాన్ని తీసుకొని, ఆ పరులకు జవాబు చెప్పుకొంటారు. ప్రభువు ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు. ఆయన ఖజానాలోని సొమ్ము రైతులు కట్టిన శిస్తు. ఆ సొమ్ముతో ఏ కవిని పోషించాలో ఏ రైతునూ ఎవరూ అడగలేదు. ఆయన ఔదార్యాన్ని మెచ్చుకొనేటప్పుడు ఈ మాట కూడా చెప్పుకోవడం న్యాయం.

1897లో కన్యాశుల్కం ప్రభువుకు అంకితమై అచ్చయింది. ఆ ఏడాదే ఆయన పరమపదించారు. వయస్సు ఏబదికి లోపే. సంతానం లేదు. వారసత్వంపై వ్యాజ్యాలు చెలరేగగా, అప్పారావుగారు ప్రభువు సోదరి రీవా మహారాణిగారికి కార్యదర్శిగా ఉంటూ ఆ కోర్టు వ్యవహారాలలో ఏళ్ళు గడపవలసి వచ్చింది. ఆ పనుల మధ్యనే నాటకాన్ని తిరగవ్రాసి, పెంచి, 1909లో రెండవ కూర్పుగా ప్రకటించారు. నేడు మనం చదివేది, ఆడేది ఆ రెండవ కన్యాశుల్కమే. ప్రభువు ఎరిగినది మొదటిది మాత్రమే. ఉపాధ్యాయులు రెండు కూర్పులనూ పక్కపక్కన పెట్టి, మొదటిదానికి అప్పారావుగారు ఆంగ్లంలో వ్రాసిన పీఠికతో సహా, తరగతిలో చదివించవచ్చు. పైని చెప్పిన లెక్కలు ఆ పీఠికలోనివే.