బంగారం చూసిన వడ్రంగి

చిన్నప్పుడు ప్రొద్దుటూరులో మా అమ్మ బియ్యం కడగడం రోజూ చూసేవాణ్ణి. వెడల్పాటి గిన్నెలో బియ్యం, నిండా నీళ్ళు. గిన్నెను అటూ ఇటూ ఆడిస్తూ, కొంచెం కొంచెంగా బియ్యాన్ని నీళ్ళతోపాటు పక్క గిన్నెలోకి వంచేది. చివరికి అడుగున నాలుగు రాళ్ళు మిగిలేవి. దీన్ని గాలించడం అంటారని మీకు చెప్పక్కర్లేదు, కానీ ఇక్కడ పుట్టిన మన పిల్లలకు చెప్పాలి. పాపం వాళ్ళ సోనా మసూరి సంచుల్లో రాళ్ళే ఉండవు! నదిలో బంగారం వెతకడం కూడా అచ్చం ఇదే పని అని నాకు 2023 దాకా తెలియదు. కాకపోతే ఇక్కడ బియ్యాన్ని పారబోసి రాళ్ళను దాచుకుంటాం.

ఆ సంవత్సరం నా ఉద్యోగం పోయింది. హెచ్ వన్ మీద ఉన్నవాళ్ళకు ఆ 60 రోజుల లెక్క గురించి నేను చెప్పేదేముంది... ఇంటర్వ్యూకీ ఇంటర్వ్యూకీ మధ్య ఇంట్లో కూర్చోలేక, ఒక శనివారం 14 అంగుళాల ఆకుపచ్చ ప్లాస్టిక్ పాన్ ఒకటి కొనుక్కుని కొలోమాకు బయలుదేరాను. బే ఏరియా నుంచి శాక్రమెంటో మీదుగా వెళ్ళి, ప్లాసర్‌విల్ దగ్గర 49వ నంబరు రోడ్డు ఎక్కితే అమెరికన్ నది దక్షిణ పాయ ఒడ్డున ఉంటుంది ఈ ఊరు. కాలిఫోర్నియా బంగారు వెర్రి మొదలైంది ఇక్కడే. మ్యూజియంలో పది నిమిషాలు చూసి నది దగ్గరకు పోదామనుకున్నవాణ్ణి, గంటన్నర అక్కడే ఉండిపోయాను. ఇంటికొచ్చాక కూడా ఆ బంగారాన్ని మొదట చూసిన జేమ్స్ విల్సన్ మార్షల్ గురించే చదువుతూ కూర్చున్నాను.

మార్షల్ 1810 అక్టోబరు 8న న్యూజెర్సీలో పుట్టాడు. తండ్రి బళ్ళ చక్రాలు చేసేవాడు, కొడుకూ అదే పని నేర్చుకున్నాడు. ఇరవై నాలుగేళ్ళప్పుడు ఇల్లు వదిలి పడమటికి బయలుదేరాడు. ఇండియానా, ఇల్లినాయ్, ఆ తర్వాత మిస్సోరీ. అక్కడ మలేరియా పట్టుకుని వదల్లేదు. ఊరు మారితే గానీ బతకవని డాక్టర్లు అన్నారట. 1844లో ఒక బళ్ళ బారులో చేరి ఆరెగాన్ వెళ్ళి, మరుసటి సంవత్సరం కాలిఫోర్నియాకు దిగాడు. అప్పటికి కాలిఫోర్నియా మెక్సికోది. ఇప్పటి శాక్రమెంటో ఉన్నచోట జాన్ సటర్ అనే స్విట్జర్లాండ్ పెద్దమనిషి, స్వదేశంలో అప్పులు ఎగ్గొట్టి వచ్చినవాడు, ఒక కోట కట్టుకుని చిన్న సామ్రాజ్యం నడుపుతున్నాడు. అతని దగ్గర మార్షల్ వడ్రంగిగా కుదిరాడు.

కొంత భూమి కొన్నాడు, పశువులు పెట్టాడు. ఇంతలో మెక్సికోతో యుద్ధం వచ్చింది. అమెరికన్ల పక్షాన పోరాడి 1847లో తిరిగి వచ్చేసరికి పశువులు ఒక్కటీ లేవు. కొన్ని తప్పిపోయాయి, కొన్నింటిని ఎవరో తోలుకుపోయారు. ఆ తర్వాత భూమి కూడా పోయింది. ఇతని జీవితంలో ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి మీరు ఇప్పుడే జాలిపడిపోకండి.

సటర్‌కు కలప కావాలి. పెట్టుబడి సటర్‌ది, కట్టి నడపడం మార్షల్‌ది, వచ్చిన కలపలో వాటా అని ఒప్పందం. కోటకు సుమారు 45 మైళ్ళ దూరంలో, అడవీ నీరూ రెండూ ఉన్న చోటు కోసం తిరిగి కొలోమా లోయను ఎంచుకున్నది మార్షలే. అక్కడి నిసెనాన్ తెగవాళ్ళూ, యుద్ధం నుంచి తిరిగొచ్చిన కొందరు మార్మన్ యువకులూ పనివాళ్ళు.

ఇంజనీర్లకు నచ్చే భాగం ఇక్కడుంది. నీటి చక్రాన్ని బిగించాక చూస్తే అది మరీ కిందికి ఉంది. చక్రాన్ని తిప్పిన నీళ్ళు బయటికి పోయే కాలువ లోతు చాలక, నీళ్ళు వెనక్కి తన్నుతున్నాయి. మార్షల్ ఏం చేశాడంటే, పగలు కాలువలో రాళ్ళూ మట్టీ వదులు చేయించి, రాత్రికి నీళ్ళు వదిలేవాడు. రాత్రంతా నీళ్ళు మట్టిని కొట్టుకుపోయేవి. పొద్దున్నే నీళ్ళు ఆపి, కాలువ ఎంత లోతైందో చూసుకునేవాడు. తెలియకుండానే ఆయన ఒక పెద్ద బంగారం గాలించే యంత్రాన్ని కట్టాడన్నమాట! తేలికైన మట్టి పోయింది, బరువైనది అడుగు రాతి గతుకుల్లో నిలిచింది. 1848 జనవరి 24 పొద్దున ఆ గతుకుల్లో ఏదో మెరిసింది.

మెరిసిందల్లా చూసి ఎగిరి గంతేసే మనిషి కాదు. రాతి మీద పెట్టి మరో రాతితో కొట్టాడు. పిచ్చివాళ్ళ బంగారం అనే ఇనుప గంధకం అయితే పొడైపోతుంది, అభ్రకం అయితే రేకులుగా విడిపోతుంది. ఇది మాత్రం చదునుగా సాగింది. మీరు మొదటిసారి వెళ్ళినప్పుడు పాన్‌లో మెరిసేవన్నీ చూసి మురిసిపోతారు, నేనూ మురిసిపోయాను. అందులో తొంభై తొమ్మిది పాళ్ళు అభ్రకమే. పాన్ మీద నీడ పడేలా చెయ్యి అడ్డం పెట్టి చూడండి. అభ్రకం ఎండలోనే మెరుస్తుంది, బంగారం నీడలో కూడా పసుపుగానే ఉంటుంది.

పనివాళ్ళకు వంట చేసే జెన్నీ విమ్మర్ ఒక ముక్కను సబ్బు కాచే క్షారంలో వేసి ఉడికించింది. అది రంగు మారలేదు. నాలుగు రోజుల తర్వాత మార్షల్ వానలో తడుస్తూ సటర్ కోటకు వెళ్ళాడు. తలుపులు వేసుకుని ఇద్దరూ నత్రికామ్లం పోసి చూశారు, ఎన్‌సైక్లోపీడియా తీసి చదివి, త్రాసులో ఒకవైపు వెండి, ఒకవైపు ఇది పెట్టి నీళ్ళలో ముంచి చూశారు. ఇది కిందికి దిగింది. నీటికన్నా బంగారం 19 రెట్లు బరువు, మామూలు ఇసుక రెండున్నర రెట్ల చిల్లర, మనకు చివరి దాకా అడ్డం పడే నల్ల ఇసుక అయిదు రెట్లు. గాలించే విద్య అంతా ఈ మూడు అంకెల్లోనే ఉంది.

తేదీ గురించి ఒక ముచ్చట. తర్వాతి కాలంలో మార్షల్ తానే ఒకసారి ఒక తేదీ, ఇంకోసారి ఇంకో తేదీ చెప్పాడు. 24 అని తేలింది హెన్రీ బిగ్లర్ అనే పనివాడు ఆ రోజు తన డైరీలో రాసుకున్న ఒక్క వాక్యం వల్ల. లాగ్ ఫైలు రాయమంటే విసుక్కునే మా టీం కుర్రాళ్ళకు ఈ కథ చెబుతుంటాను.

సరే, బంగారం కనిపించింది. మరి ఆ నేల ఎవరిది? నేను గంటన్నర నిలబడిపోయింది ఈ ప్రశ్న దగ్గరే. సటర్‌కు మెక్సికో ప్రభుత్వం ఇచ్చిన భూమిలో కొలోమా లేదు. అందుకని ఇద్దరూ అక్కడి నిసెనాన్ వాళ్ళతో కౌలు ఒప్పందం రాయించుకుని, ఖాయం చేయమని మాంటెరేలో ఉన్న అమెరికా మిలిటరీ గవర్నర్ మేసన్‌కు పంపారు. భూమిని కౌలుకిచ్చే హక్కు ఇండియన్లకు ఉందని అమెరికా ఒప్పుకోదని గవర్నర్ తిప్పి పంపాడు. బంగారం కనిపించిన తొమ్మిది రోజులకే, ఫిబ్రవరి 2న, మెక్సికో కాలిఫోర్నియాను అమెరికాకు వదులుకుంటూ సంతకం చేసింది. సంతకం పెట్టిన రెండు పక్షాలకూ ఈ సంగతి తెలియదు. మొత్తానికి మార్షల్ చేతిలో బంగారం ఉంది, కాగితం లేదు. కాగితం లేకపోతే ఏమవుతుందో ఈ దేశంలో మనవాళ్ళకు ఒకరు చెప్పాలా!

మే నెలలో శామ్ బ్రానన్ అనే వ్యాపారి ముందుగా దొరికిన పారలూ పాన్‌లూ తన కొట్లో నింపుకుని, ఆ తర్వాతే శాన్ ఫ్రాన్సిస్కో వీధుల్లో బంగారం బంగారం అని కేకలు వేశాడు. డబ్బు చేసుకున్నది అతనే. డిసెంబరు 5న అధ్యక్షుడు పోక్ కాంగ్రెసుకు చెప్పాక ప్రపంచమంతా కదిలింది. కొద్ది సంవత్సరాల్లో మూడు లక్షల మంది దాకా వచ్చారు. మిల్లు కోయాల్సిన కలప కోయకముందే పనివాళ్ళు నదిలోకి దిగిపోయారు. వచ్చినవాళ్ళు మార్షల్ భూమి అని ఆగలేదు, పశువుల్ని తినేశారు. 1849లో ఆరెగాన్ నుంచి వచ్చిన గని మనుషులు కొలోమా నిసెనాన్ వాళ్ళను చంపితే, మార్షల్ తన పనివాళ్ళ పక్షాన నిలబడ్డాడు. అందుకు ఆయన్నే ఊరి నుంచి తరిమేశారు. ఆయన గురించి ఎన్ని చెప్పుకున్నా ఈ ఒక్క పనికి నేను ఆయనకు దండం పెడతాను.

ఆ తర్వాత కొండలు పట్టుకుని తిరిగాడు. ఎక్కడికి వెళ్ళినా వెనకాల గుంపు. మొదటి బంగారం చూసినవాడికి మిగతాది కూడా తెలిసే ఉంటుందని జనం నమ్మకం. ఆత్మలు తనకు దారి చూపిస్తాయని ఆయన కూడా నమ్మేవాడు కాబట్టి ఆ పిచ్చి ఇంకా పెరిగింది. చూపించకపోతే చంపుతామని బెదిరించిన వాళ్ళు కూడా ఉన్నారు. నిజానికి ఆయనకు మళ్ళీ చెప్పుకోదగ్గ బంగారం దొరకనే లేదు. 1857లో కొలోమాకు తిరిగొచ్చి ద్రాక్షతోట వేశాడు. కొన్నాళ్ళు బాగానే నడిచి, పన్నులూ పోటీ పెరిగి అదీ పోయింది. కెల్సీ అనే పక్క ఊళ్ళో ఒక గనిలో భాగస్వామిగా చేరి అప్పుల పాలయ్యాడు. 1872లో కాలిఫోర్నియా శాసనసభ నెలకు 200 డాలర్ల పింఛను రెండేళ్ళకు ఇచ్చింది, తర్వాత 100 చేసింది, 1878లో ఆపేసింది. ఆ డబ్బుతో అప్పులు కొంత తీర్చి, కెల్సీలో కమ్మరి కొలిమి పెట్టుకున్నాడు. తన సంతకం చేసిన కార్డులు అమ్ముకున్నాడు. తాగుడు కూడా ఉందని అనేవారు. పెళ్ళి చేసుకోలేదు. 1885 ఆగస్టు 10న చిన్న గుడిసెలో చనిపోయాడు. సటర్ అంతకు అయిదేళ్ళ ముందే, నష్టపరిహారం కోసం వాషింగ్టన్ చుట్టూ తిరుగుతూ అక్కడే పోయాడు. 1890లో మార్షల్ సమాధి మీద పెద్ద విగ్రహం నిలబెట్టారు. వేలు చూపిస్తూ ఉంటుంది, బంగారం కనిపించిన చోటు వైపు.

ఆయన పింఛను మొదలైన 1872లోనే కేంద్ర గనుల చట్టం కూడా వచ్చింది. ప్రభుత్వ భూముల్లో క్లెయిము వేసుకునే హక్కు పౌరులకూ, పౌరులవుతామని ప్రకటించిన వాళ్ళకూ మాత్రమే. అంటే నాలాంటి హెచ్ వన్ గాడు సరదాగా గాలించుకోవచ్చు గానీ, ఈ నేల నాది అనలేడు. ఇంకొకరి క్లెయిములో గాలిస్తే దొంగతనం కిందే లెక్క. కాబట్టి మారుమూల కొండల్లోకి వెళ్ళేముందు బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ రికార్డుల్లో ఆ చోట క్లెయిము ఉందో లేదో చూసుకోండి. కొలోమా పార్కులో చేతులూ పాన్ తప్ప ఇంకేమీ వాడకూడదు. ఇది తెలియక రెండోసారి నేను మడత స్లూయిస్ ఒకటి భుజాన వేసుకెళ్ళి, రేంజరు దగ్గర పాఠం చెప్పించుకుని కారులో పెట్టి వచ్చాను.

సామాను పెద్దగా అక్కర్లేదు. పాన్, చిన్న తాపీ, రాళ్ళు వడకట్టే జల్లెడ, బంగారం పీల్చే ప్లాస్టిక్ సీసా, మూత ఉన్న గాజు గొట్టం. అన్నీ స్కూలు బ్యాగులో పడతాయి. నది వంపు లోపలి వైపు, పెద్ద బండల కింది భాగంలో, అడుగు రాతి పగుళ్ళలో తవ్వండి. మార్షల్ కాలువలో మెరిసింది కూడా అలాంటి పగులులోనే. పాన్‌ను ముందు నీళ్ళ లోపలే గట్టిగా అటూ ఇటూ కుదపాలి, బరువైనది అడుక్కు దిగాకే వంచాలి. తొందరపడి వంచేయడమే కొత్తవాళ్ళందరి పొరపాటు. ఆ రోజుల్లో బంగారాన్ని పట్టడానికి పాదరసం విచ్చలవిడిగా వాడారు, అది ఇంకా ఈ నదుల అడుగున ఉంది. పాన్‌లో వెండి బొట్లు కనిపిస్తే ముట్టుకోవద్దు, ఇంటికి తెచ్చి వేడి చేయడం అసలే వద్దు. ఎగువన డ్యామ్ నుంచి నీళ్ళు వదిలితే నది ఉన్నట్టుండి పెరుగుతుంది, పిల్లలతో వెళ్తే ఒక కన్ను వాళ్ళ మీద ఉంచండి.

నాకు 52వ రోజున ఉద్యోగం దొరికింది. మరుసటి వేసవిలో అమ్మ వచ్చినప్పుడు కొలోమాకు తీసుకెళ్ళాను. ముందు విగ్రహం దగ్గర ఆయన కథంతా చెప్పాను. పెళ్ళాం బిడ్డలు లేకుండా పోయాడా పాపం అని రెండుసార్లు అడిగింది. తర్వాత చీర కుచ్చిళ్ళు దోపుకుని నీళ్ళ అంచున రాతి మీద కూర్చుని, నేను పాన్ పట్టుకున్న తీరు చూసి నవ్వి, లాక్కుంది. ఆరునెలలుగా నాకు చేతకానిది ఆవిడ పది నిమిషాల్లో చేసింది. నల్ల ఇసుక అంచున మూడు చుక్కలు, చెయ్యి అడ్డం పెట్టినా పసుపుగానే ఉన్నాయి.

గాజు గొట్టంలో వేసి ఊరికి పట్టుకెళ్ళి, బజారులో మాకు తెలిసిన కంసాలి ఆయన దగ్గర తూకం వేయించిందట. ముల్లు కదల్లేదట. ఆయన డబ్బులు తీసుకోకుండా టీ తెప్పించి, అమెరికాలో కాలువలో బంగారం చూసిన ఆ వడ్రంగి కథ మొత్తం ఆవిడ చేత చెప్పించుకున్నాడట.