ముసవ్విర్ జంగ్: కెమెరానే నమ్ముకున్న రాజా దీన్‌దయాళ్

నెల తిరగ్గానే జీతం వచ్చే సర్కారీ నౌకరీ వదిలేసి కెమెరా పట్టుకుంటానంటే ఈరోజుల్లో కూడా ఇంట్లో గొడవే. లాలా దీన్‌దయాళ్ ఆ పని 1880లలోనే చేశారు. హైదరాబాద్ పాత ఫొటోలు ఎక్కడ చూసినా కింద ఆయన పేరే కనబడుతుంది కానీ, ఆ పని మీద ఆయన బతుకు ఎలా గడిచిందన్నది చాలామందికి తెలియదు.

1844లో మీరట్ దగ్గర సర్ధనాలో, జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, 1866లో ఇందోర్‌లో పనుల శాఖలో చేరారు. అంచనాలు వేయడం, నక్షాలు గీయడం ఆయన డ్యూటీ. ఫొటోగ్రఫీ మొదట సరదాయే. ఇందోర్ మహారాజా తుకోజీరావు హోల్కర్, తర్వాత ఇంగ్లిష్ అధికారి లెపెల్ గ్రిఫిన్ ప్రోత్సహించారు. గ్రిఫిన్ వెంట మధ్య భారతమంతా తిరిగి కోటలు, గుళ్లు తీశారు.

అప్పట్లో ఫొటో తీయడమంటే మాటలా? గాజు పలక మీద మందు పూసి, అది తడి ఆరకముందే తీసి, అక్కడికక్కడే కడగాలి. అంటే చీకటి గుడారం కూడా వెంట మోసుకెళ్లాల్సిందే. 1880లలో ముందే తయారుచేసిన పొడి పలకలు బజారులోకి వచ్చాక ఆ బాధ తప్పింది. వేట, పరేడ్, ఊరేగింపు తీయడం సులువైంది. అంటే కొత్త గిరాకీ పుట్టింది. సరిగ్గా ఆ సమయంలోనే దీన్‌దయాళ్ నౌకరీ మానేసి, ఇందోర్ నుంచి మన హైదరాబాద్ వచ్చేశారు.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ని దర్బారు ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకున్నారు. 1894లో రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చారు. ముసవ్విర్ అంటే ఉర్దూలో బొమ్మలు గీసేవాడు. కెమెరావాడికి ఇంతకన్నా మంచి పేరు దొరకదు. అయినా ఆయన ఒక్క దర్బారునే నమ్ముకుని కూర్చోలేదు, నాకు నచ్చింది అదే. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. పక్కనే కంటోన్మెంట్, దొరల గిరాకీ. 1892లో పర్దా పాటించే ఆడవాళ్ల కోసం హైదరాబాద్‌లో జెనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఇంగ్లిష్ మహిళకు అప్పజెప్పారు. మగ ఫొటోగ్రాఫర్ ముందుకు రాలేని బేగంలు అక్కడ నిశ్చింతగా కూర్చునేవారు. అది మర్యాదా, వ్యాపారమూ రెండూనూ. 1896లో బొంబాయికీ విస్తరించారు.

తీసిన పలకలకు నంబర్లు వేసి దాచేవారు. చార్మినార్, ఫలక్‌నుమా లాంటి దృశ్యాలు ఒకసారి తీస్తే ఎన్నిసార్లైనా అచ్చు తీసి అమ్ముకోవచ్చు. ఇద్దరు కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ కూడా అదే పనిలోకి దిగారు. 1900లో కొడాక్ కంపెనీ ఒక్క డాలరు కెమెరా అమ్మకానికి పెట్టింది. స్టూడియోకి రాకుండానే జనం తమ ఫొటోలు తామే తీసుకునే రోజులు మొదలయ్యాయన్నమాట. ఇప్పుడు మన పెళ్లి ఫొటోగ్రాఫర్లు మొబైల్‌ని తిట్టుకుంటున్నట్టే ఉంది కదా!

1904లో ధరమ్‌చంద్ చనిపోయారు. మరుసటి ఏడాది, 1905 జూలైలో, దీన్‌దయాళ్ కన్నుమూశారు. వ్యాపారం జ్ఞాన్‌చంద్ చేతికొచ్చింది. 1911లో మహబూబ్ అలీ ఖాన్ కూడా పోయారు. ఆ పలకల్లో 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి, 1989లో కొన్నారు.