విక్టర్ హెస్ – ఒక మొండి రీడింగు

బి.యస్సీ. ఫైనలియర్లో గైగర్ కౌంటరు ప్రయోగం చేస్తుంటే నాకొక రీడింగు మిగతావాటితో కలవలేదు. గ్రాఫు మీద ఆ చుక్క ఒక్కటే, పంక్తిలోంచి లేచి వెళ్లినవాడిలా, దూరంగా కూచుంది. నేనేం చేశానో చెప్పొద్దూ? రబ్బరుతో చెరిపేసి, పక్కవాడి రికార్డు చూసి మరో అంకె వేసుకున్నాను. పదికి తొమ్మిది మార్కులొచ్చాయి. హెస్ అంటే అప్పట్లో నాకు రెండు మార్కుల ప్రశ్న, అంతే.

మొన్న మా అమ్మాయి ఇంట్లో పెట్టుకునే చిన్న రేడియేషన్ మీటరు కొనుక్కుంది. వంటింటి గ్రానైటు గట్టు మీద పెడితే అంకె కాస్త పెరిగింది. రాతిలో కొద్దిగా యురేనియం, థోరియం ఉంటాయి, పెరుగుతుందిలే అన్నాను. ఢిల్లీ వెళ్తూ విమానంలో తీసి చూస్తే మాత్రం, ఇంట్లో గంటకి 0.2 మైక్రోసీవర్టులు చూపించేది కాస్తా 2కి చేరింది. పాడైపోయింది నాన్నా అంది పిల్ల. అప్పుడు గుర్తొచ్చాడు హెస్.

ఆయన 1883 జూన్ 24న ఆస్ట్రియాలోని స్టైరియాలో పుట్టాడు. తండ్రి ఒక రాజావారి అడవులకు అధికారి. గ్రాట్స్‌లో 1906లో డాక్టరేటు, 1910లో వియన్నా రేడియం ఇన్‌స్టిట్యూట్లో ఉద్యోగం.

ఆ రోజుల్లో శాస్త్రజ్ఞులకొక తలనొప్పి ఉండేది. ఎలక్ట్రోస్కోపుకి ఆవేశమిచ్చి, ఎంత గట్టిగా మూసిపెట్టినా, ఆవేశం మెల్లిగా కారిపోతూనే ఉండేది. నేలలోంచి వచ్చే గామా కిరణాలే కారణమని చాలామంది సరిపెట్టుకున్నారు. 1910లో వుల్ఫ్ అనే జెసూట్ ఫాదరీ పారిస్‌లో ఐఫిల్ టవరెక్కి కొలిచాడు. 300 మీటర్ల ఎత్తున రీడింగు తగ్గింది గాని, తగ్గవలసినంత తగ్గలేదు.

హెస్ వెంటనే బెలూనెక్కెయ్యలేదు. ఆయనలో నాకు నచ్చింది ఇదే. ముందు రేడియాన్ని దూరం జరుపుతూ, గామా కిరణాల్ని గాలి ఎంత దూరంలో మింగేస్తుందో కొలిచాడు. ఐదువందల మీటర్లు పైకి పోతే నేల ప్రభావం దాదాపు మిగలకూడదని లెక్క తేలింది. ఎత్తుకి పోతే బయట గాలి ఒత్తిడి మారుతుంది గనక పరికరాల్లోకి గాలి చొరకుండా మూయించాడు. మీటరు మీద అనుమానం తీరాకే ఆకాశాన్ని అనుమానించాడు.

1912లో ఏడుసార్లు ఎగిరాడు. ఏప్రిల్ 17న సూర్యగ్రహణం వేళ ఎగిరినా రీడింగు తగ్గలేదు, అంటే సూర్యుడు కారణం కాదన్నమాట. ఆగస్టు 7 ఉదయం బొహీమియాలోని ఔసిగ్ నుంచి హైడ్రోజన్ బెలూన్లో మూడు పరికరాలతో, ఇంకో ఇద్దరితో లేచాడు. మొదట కాస్త తగ్గిన రీడింగు తర్వాత ఎక్కడం మొదలుపెట్టి, 5,000 మీటర్లు దాటేసరికి నేలమీది కంటే రెండింతలైంది. నీరసం కమ్ముకొస్తున్నా అంకెలు రాసుకుంటూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి బెర్లిన్ దగ్గర దిగాడు. పైనుంచే ఏదో వస్తోందని, వాతావరణాన్ని చీల్చుకుని వస్తోందని ప్రకటించాడు.

అందరూ నమ్మారా? లేదు. పరికరాల లోపమన్న వాళ్లున్నారు. కోల్‌హోర్‌స్టర్ అనే జర్మన్ 1914 నాటికి 9,000 మీటర్లు దాటి వెళ్లి అదే చూశాడు. అమెరికాలో మిల్లికన్ తొలుత ఒప్పుకోక, ఆ తర్వాత తనే కాస్మిక్ కిరణాలని పేరు పెట్టాడు! (దశాబ్దాల తర్వాత మన హైదరాబాదు నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు బెలూన్లు ఎగరేసింది ఈ కిరణాల కోసమూనూ.) హెస్‌కి నోబెల్ వచ్చింది 1936లో, ఆండర్సన్‌తో పంచుకుని. అప్పటికే రేడియం కాల్చడం వల్ల ఒక బొటనవేలు పోయింది. 1938లో నాజీలొచ్చి ఉద్యోగం ఊడగొట్టారు, భార్య యూదు. ఇద్దరూ అమెరికా చేరారు. న్యూయార్కు ఫోర్డ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పుకుని, 1964 డిసెంబరు 17న పోయాడు.

మీటరు పాడవలేదమ్మా, మనమే గాలి దుప్పట్లోంచి బయటికొచ్చాం అని మా అమ్మాయికి చెప్పాను. నమ్మలేదు. బోర్డింగ్ పాస్ వెనక ఐదేసి నిమిషాలకి అంకె రాసుకుంటూ కూచుంది. విమానం దిగుతుంటే అంకే దిగింది. ఢిల్లీ నేల తాకేసరికి పాత చోటికొచ్చేసింది.

ఇంటికొచ్చాక అటకెక్కి నా ప్రాక్టికల్ రికార్డు వెతికాను. చెరిపిన చోట కాగితం పలచబడి ఉంది. అంకె మాత్రం కనపడలేదు.