వేగోపాసకుడు బర్ట్ మన్రో

న్యూజీలాండు దేశపు దక్షిణపు కొసనున్న ఇన్వర్కార్గిల్‌లో 1899లో జన్మించిన బర్ట్ మన్రో పేరు మోటారుసైకిలు పందెముల నెరిగిన వారికి సుపరిచితము. 1920లో అతడు ఇండియన్ స్కౌట్ అను బండిని కొనినాడు. పేరు ఇండియన్ అయినను అది మన దేశపుది కాదు, అమెరికాలో తయారైనది. దాని వేగము గంటకు 88 కిలోమీటర్లకు మించదు.

లోకము కొత్త బండ్లకు మారుచుండగా మన్రో మాత్రము ఆ ఒక్కదానినే నమ్ముకొని, తీరిక దొరికినప్పుడెల్ల దానిని సంస్కరించుచు వచ్చినాడు. చేత ధనము లేదు. ఇంటి కొట్టములోనే పిస్టనులను తానే పోతపోసినాడు. ఇనుమును ఆకురాయితో అరగదీసి కనెక్టింగ్ రాడ్లు చేసికొనినాడు. పరుగులో పగిలిన భాగములను పారవేయక, వేగదేవతకు అర్పించిన నైవేద్యములుగా భావించి అలమారలో పేర్చినాడు. తన ఓటములను నిత్యము కన్నులయెదుట నిలుపుకొనుట సామాన్యులకు సాధ్యము కాదు.

అమెరికాలోని బానివిల్ ఉప్పుమైదానమున 1962లో అతడు తొలి రికార్డు నెలకొల్పినాడు. 1967లో, 68 ఏండ్ల ప్రాయమున, వేయి సి.సి. లోపు తరగతిలో గంటకు సుమారు 295 కిలోమీటర్ల వేగమందినాడు. ఆనాటి లెక్కలో దొరలిన పొరపాటును 2014లో సవరింపగా ఆ అంకె మరికొంత పెరిగినది. అప్పటికి మన్రో లేడు, 1978లోనే కన్నుమూసినాడు.

సౌత్‌లాండ్ మోటారుసైకిల్ క్లబ్బువారు 2006లో అతని పేర పందెములు ప్రారంభించినారు. ఒకనాడు అతడు తన బండిని పరీక్షించుకొనిన ఒరెటి ఇసుకతీరమున కూడ పరుగులు సాగినవి. పాతబడినది పనికిరాదని తీర్పు చెప్పుటకు ముందు, దానిపై మనమెంత శ్రమించితిమో విచారించుకొనవలెనని ఈ జీవితము బోధించుచున్నది.