లక్ష మంది గోల చేసినా చలించని జట్టు
హైదరాబాద్ బడిపంతులు రహీం సాబ్ జీవితం

ఊళ్ళో వాలీబాల్ పోటీ జరిగితే, పొరుగూరి జట్టు సర్వీసు చేసేటప్పుడు ఈలలు, కేకలు వేయడం మామూలే. వంద మంది అరిస్తేనే కుర్రవాళ్ళకు చేతులు వణుకుతాయి. మరి లక్ష మంది ఒక్కసారిగా అరిస్తే? 1962లో ఇండోనేషియా రాజధాని జకర్తాలో భారత ఫుట్‌బాల్ జట్టుకు అదే అనుభవం ఎదురైంది. ఆ గోలలో జట్టును నిలబెట్టి, బంగారు పతకం తెప్పించిన శిక్షకుడు హైదరాబాద్‌కు చెందిన ఒక బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవారు.

బడి నుంచి మైదానానికి

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకున్నారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. ఆటలంటే ప్రాణం కావడంతో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, డ్రిల్లు మాస్టారయ్యారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. కన్నుమూసే వరకు ఆ బాధ్యత వదల్లేదు.

ఆయన నేర్పే పద్ధతే వేరు. కుడికాలి వాటం వాళ్ళను ఎడమకాలితోనే ఆడమనేవారు. బంతిని తమ దగ్గర అట్టేపెట్టుకోకుండా వెంటనే పక్కవాడికి అందించాలన్న నిబంధనతో ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడకు చెందిన బలరాం అనే పేదింటి కుర్రవాడికి రోజూ శిక్షణకు వచ్చే స్తోమత లేకపోతే, అద్దె సైకిలుకు తానే డబ్బులిచ్చారు. ఆ తులసీదాస్ బలరామే తర్వాత దేశం మెచ్చిన ఆటగాడయ్యాడు.

రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం సాధించింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయింది. మనవాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతోనే ఆడారు. ఆ దెబ్బతో బూట్లు అలవాటు చేసుకున్నారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది.

జకర్తాలో కోపం ఎందుకు?

1962 నాటికి రహీం సాబ్‌కు క్యాన్సర్ సోకింది. అయినా జట్టు వెంట జకర్తా వెళ్ళారు. అక్కడ ఆటకు సంబంధం లేని గొడవ మొదలైంది. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్ళను ఇండోనేషియా ప్రభుత్వం తమ దేశానికి రానివ్వలేదు. అలాగైతే వీటిని ఆసియా క్రీడలు అనకూడదని క్రీడా సమాఖ్య పెద్దల్లో ఒకరైన భారతీయుడు గురుదత్ సోంధీ పట్టుబట్టారు. దాంతో అక్కడి జనానికి భారతీయులంటేనే మండిపోయింది. సెప్టెంబరు 3న ఒక గుంపు భారత రాయబార కార్యాలయం మీద దాడి చేసింది. సోంధీ ఆ దేశం విడిచి వెళ్ళారు. ఆయన మీది కోపమంతా ఏ పాపం తెలియని ఆటగాళ్ళ మీద పడింది. వాళ్ళు బస్సులో బయటికి కనబడకుండా వంగి కూర్చుని స్టేడియం చేరవలసి వచ్చింది.

ఆటపరంగానూ కష్టాలే. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. తర్వాత థాయిలాండ్‌ను, జపాన్‌ను గెలిచారు గాని, థాయిలాండ్‌తో ఆటలో జర్నయిల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని పక్కన కూర్చోబెట్టలేదు. వెనుక కాపలా కాసేవాడిని ముందుకు తెచ్చి గోలు కొట్టే చోట పెట్టారు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచారు.

ఫైనల్‌కు ముందు రాత్రి రహీం సాబ్ తన కుర్రవాళ్ళను పిలిచి, ఆ బంగారు పతకం తనకు కానుకగా ఇమ్మని అడిగారు. ఆ మాట వాళ్ళు బతికినంత కాలం చెప్పుకున్నారు.

గోల మధ్య గోళ్ళు

సెప్టెంబరు 4న సెనయాన్ స్టేడియం జనంతో నిండిపోయింది. భారత జాతీయగీతం వినిపిస్తుండగానే గేలి మొదలైంది. మనవాళ్ళ కాలికి బంతి తగిలితే చాలు, ఈలలు, కేకలు. ఎదుట ఉన్నది తొలి ఆటలో మనల్ని ఓడించిన కొరియానే. అంతమందిలో భారత్ తరఫున చప్పట్లు కొట్టినవాళ్ళు కొద్దిమందే. వాళ్ళలో ముందురోజే మన హాకీ జట్టును ఓడించి స్వర్ణం గెలిచిన పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళున్నారు.

పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు కొట్టాడు. మూడు నిమిషాలకే తలకు కట్టుతో ఉన్న జర్నయిల్ రెండోది కొట్టాడు. కొరియా చివర్లో ఒక్క గోలు చేసింది. హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్ గోలు దగ్గర నిలబడి మరొకటి పడనివ్వలేదు. బలరాం, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ కూడా ఆ రోజు ఆడినవాళ్ళే. 2-1తో స్వర్ణం మనదైంది.

తర్వాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. ఆయనకు ఆనాడు శిష్యులిచ్చినదే చివరి కానుక. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ మళ్ళీ స్వర్ణం గెలవలేదు. 1970లో వచ్చిన కాంస్యమే ఆఖరు పతకం. 2024లో ఆయన జీవితం మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చాక కొత్త తరానికి ఆ పేరు తెలిసింది.

గట్టు మీద నిలబడి అరిచినవాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తులేవు. అరుపుల మధ్య బంతి మీదే చూపు నిలిపినవాళ్ళ పేర్లు మిగిలాయి. ఆ నిబ్బరం ఒక్కరోజులో వచ్చింది కాదు. బడి మైదానంలో ఏళ్ళ తరబడి ఒక డ్రిల్లు మాస్టారు నేర్పగా వచ్చింది. పండుగ పోటీల్లో పొరుగూరి కుర్రవాళ్ళను గేలి చేసే ముందు మన ఊరి యువకులు జకర్తా సంగతి ఒక్కసారి తలచుకుంటే మంచిది.