డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

జీవకణము రెండుగా విభజన చెందవలెనన్న, దానిలోని డి.ఎన్.ఎ. ముందుగా రెట్టింపు కావలెను. ఆ కట్టడమునకు ఇటుకల వంటివి న్యూక్లియోటైడులు. వాని తయారీకి తోడ్పడు ఫోలిక్ ఆమ్లమును, ఆ తయారీని నిరోధించు ఔషధమును లోకమునకు అందించిన కృషిలో మన తెలుగువాడైన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారి పాత్ర ప్రధానమైనది. వారి జీవితమును విద్యార్థులకు జ్ఞప్తి చేయుట మా విధి యని భావించుచున్నాము.

ఆయన 1895 జనవరి 12న భీమవరములో జన్మించిరి. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గాని గట్టెక్కలేదు. స్ప్రూ అను జీర్ణకోశ వ్యాధి ఇద్దరు సోదరులను కొద్ది రోజుల తేడాతో కబళించినది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసి వచ్చినది.

అమెరికా చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని వెలుగులోనికి తెచ్చిరి. కణమునకు శక్తినిచ్చు ఏ.టి.పి. కూడ ఒక న్యూక్లియోటైడే.

1940లో లెడర్లీ ప్రయోగశాలలలో చేరిరి. అచ్చట ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. ఈ విటమిను శరీరములో రూపాంతరము చెంది, ఒక్కొక్క కార్బన్ పరమాణువును మోసుకొనిపోయి న్యూక్లియోటైడుల నిర్మాణమునకు అందించును. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికే అది ఔషధమైనది.

పిదప, ఫోలిక్ ఆమ్లమును పోలిన అమినోప్టెరిన్ రూపొందినది. ఇది ఫోలేటును పనికి సిద్ధపరచు ఎంజైమును బంధించును. ఇటుకలు కరువై కణవిభజన నిలిచిపోవును. బోస్టనులో డాక్టరు సిడ్నీ ఫార్బర్ దీనిని రక్త క్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందికి గుణము కనిపించినట్లు 1948 జూనులో ప్రకటించిరి. ఆ ఉపశమనము తాత్కాలికమే. అయినను ఆ తల్లిదండ్రులకు తొలిసారి ఆశ చిగురించినది.

అదే యేడు ఆగస్టులో, 53 ఏండ్ల వయస్సున సుబ్బారావు గారు కన్నుమూసిరి. అమినోప్టెరిన్‌కు సోదర ఔషధమైన మెథోట్రెక్సేటు గర్భిణీ స్త్రీల మావి కణముల నుండి పుట్టు ఒక క్యాన్సరును లొంగదీసినట్లు 1956లో వెల్లడి యగుట ఆయన చూడలేదు. పెరుగుదల సంకేతముల నందుకొను ఎంటార్ అను ప్రొటీను న్యూక్లియోటైడుల తయారీని హెచ్చించునని 2013లో తేలినది. ఆయన నడిచిన బాట నేటికిని సాగుచునే యున్నది.

పరీక్ష తప్పిన నాడు దిగులు చెందు విద్యార్థి, మూడవసారి పరీక్షకు కూర్చున్న ఆ బాలుని ఒక్కసారి తలచుకొనవలెనని మా కోరిక.